అయ్యగారు మారినా బడి సాగాలంటే

అందరికీ వందనాలు.

నన్ను పిలిచినప్పుడు "నాయకత్వ మార్పు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. పాస్టర్లను తయారుచేసే మీ సెమినరీలో ఇన్నాళ్లూ ఉన్న ప్రిన్సిపాల్ గారు ఈ నెలతో బాధ్యతలు అప్పగిస్తున్నారు. కొత్తవారు వస్తున్నారు. ఇలాంటి రోజుల్లో హాస్టల్ గదుల్లో, స్టాఫ్ రూంలో ఏ మాటలు నడుస్తాయో నాకు బాగా తెలుసు. వచ్చేవారు ఎలాంటివారు, ఏం మారుస్తారు, ఎవరి మాట వింటారు అని. ఆ టెన్షన్ సహజం. పెద్ద యూనివర్సిటీలో వైస్ ఛాన్సలర్ మారితే విద్యార్థికి పేపర్లో చూస్తే గానీ తెలియదు. నలభై యాభై మంది ఉండే సెమినరీలో అలా కాదు. పొద్దున చాపెల్ గంట మోగినప్పటి నుంచి రాత్రి దీపాలు ఆర్పేదాకా ప్రతి పనిలోనూ ఆ తేడా కనబడుతుంది.

నేను చెప్పదలచింది ఒక్కటే. చదువు ఒక్క మనిషి తలలో ఉంటే ఆయనతోపాటే గేటు దాటిపోతుంది. ఇంట్లో అందరి మధ్యా ఉంటే, ఆయన వెళ్లాక కూడా ఉంటుంది. ఇది మార్టిన్ లూథర్ బాటలో నడిచే మన లూథరన్ సంఘాల చరిత్రలో జరిగిన సంగతులతోనే చెప్తాను.

ముందు తమిళనాడు తీరంలోని తరంగంబాడికి వెళ్దాం. 1706 జూలై 9న బర్తలోమయి జీగెన్‌బాల్గ్, హెన్రిక్ ప్లూట్షౌ అక్కడ ఓడ దిగారు. వాళ్లను పంపింది డెన్మార్క్ రాజు నాలుగవ ఫ్రెడరిక్. ఇద్దరూ జర్మన్లే, ఇద్దరూ కుర్రవాళ్లే. ఊరి భాష ఒక్క ముక్క రాదు. జీగెన్‌బాల్గ్ ఏం చేశారంటే, ఒక ముసలి పంతులుగారిని బతిమాలి ఆయన బడిని తన ఇంట్లోనే నడపమన్నారు. చిన్నపిల్లల పక్కన కింద కూర్చుని, వాళ్లలాగే ఇసుకలో వేలితో తమిళ అక్షరాలు దిద్దారు. బోధించడానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషి ముందు బడిపిల్లవాడయ్యాడు. ఈ దృశ్యం నాకు ఎప్పుడు గుర్తొచ్చినా మనసు నిండిపోతుంది.

పదేళ్లు గడిచాక, 1716లో, ఆయన అక్కడే ఒక సెమినరీ మొదలుపెట్టారు. మన దేశంలో ప్రొటెస్టెంట్లు పెట్టిన సెమినరీల్లో అదే మొదటిది. విద్యార్థులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమంది. మీరంతా ఇప్పుడు కూర్చున్న ఈ హాల్లో నాలుగో వంతు కూడా నిండేది కాదు.

తర్వాత జరిగింది వినండి. 1719 ఫిబ్రవరి 23న జీగెన్‌బాల్గ్ చనిపోయారు. ఆయన వయసు 36. మిగిలిన పెద్ద దిక్కు ఆయన తోటి మిషనరీ గ్రుండ్లర్. 1720 మార్చిలో ఆయనా పోయారు. పదమూడు నెలల్లో ఇద్దరు. కొత్తగా వచ్చిన బెంజమిన్ షుల్జ్ అప్పటికి ఆ నేలమీద కాలుపెట్టి ఆరు నెలలు మాత్రమే. అప్పగింతల సభలు లేవు, దండలు లేవు. పొద్దున లేచేసరికి బరువంతా భుజాన పడింది.

ఆ బడి అప్పుడే మూతపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పడలేదు. ఎందుకు పడలేదో ఆలోచించాలి. జీగెన్‌బాల్గ్ బైబిలును తమిళంలోకి తెస్తూ పాత నిబంధనలో రూతు గ్రంథం దాకా వచ్చి ఆగిపోయారు. షుల్జ్ అక్కడ్నించి అందుకుని పూర్తిచేశారు. అందుకోగలిగారంటే కారణం, పని కాగితాల మీద ఉంది. ఆ కాగితాలు చదివి సరిచూడగల తమిళులు ఆ ఇంట్లో ఉన్నారు. పాఠశాలల్లో చెప్పేవాళ్లు, ఊళ్లకు వెళ్లి బోధించే ఉపదేశకులు ఉన్నారు. వాళ్లెవరూ ఓడెక్కి వెళ్లిపోయేవాళ్లు కాదు.

ఆ ఉపదేశకుల్లో ఒకరు ఆరోన్. అసలు పేరు ఆరుముగం. 1718లో, అంటే జీగెన్‌బాల్గ్ చనిపోవడానికి కొన్ని నెలల ముందు, బాప్తిస్మం పొందారు. 1733 డిసెంబర్ 28న గురుపట్టాభిషేకం పొంది మన దేశస్థుల్లో మొదటి లూథరన్ పాస్టరు అయ్యారు. మధ్యలో ఉన్న ఏళ్లు లెక్కపెట్టండి, పదిహేను. ఈ పదిహేనేళ్లలో పైన నాయకులు మారుతూనే ఉన్నారు. ఒకరి కాలంలో విత్తనం, ఇంకొకరి కాలంలో నీళ్లు, మరొకరి కాలంలో పంట. ఆరోన్‌ను తయారుచేసింది ఫలానా అయ్యగారు అని ఒక్క పేరు చెప్పలేం. తయారుచేసింది ఆ ఇల్లు.

షుల్జ్ గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే అది మన తెలుగువాళ్లకు సంబంధించినది. ఆయనకు సహచరులతో పొసగలేదు. 1726లో తరంగంబాడి వదిలి మద్రాసు వెళ్లిపోయారు. ఇదీ నాయకత్వ మార్పే, కాకపోతే నొప్పితో జరిగింది. దాన్ని గొప్పగా చేసి చెప్పను. అయితే మద్రాసులో ఆయన చెవిన పడింది తెలుగు. నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, బైబిలును తెలుగులోకి అనువదించారు. ఆ అనువాదం అప్పట్లో అచ్చుకు నోచుకోలేదు గానీ, ఆయన తెలుగులో చేసిన చిన్న పుస్తకాలు కొన్ని 1746 ప్రాంతంలో జర్మనీలోని హాల్లె పట్టణంలో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల్లో అవి ఉన్నాయి. గొడవపడి వెళ్లిన మనిషి చేతి నుంచి కూడా దేవుడు మనకొక వరం ఇప్పించాడు. అలాగని గొడవ మంచిదని నేను అనను.

ఇక రెండో సంగతి. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

1935 ఏప్రిల్ 26. జర్మనీ ఉత్తర తీరంలో జింగ్‌స్ట్ అనే చోట 23 మంది యువకులు ఒక సెమినరీలో చేరారు. హిట్లర్ మాట సంఘంలో చెల్లదన్న కన్ఫెసింగ్ చర్చి పెట్టిన సెమినరీ అది. రెండు నెలల్లో ఇప్పటి పోలండ్‌లో ఉన్న ష్టెట్టిన్ నగరం పక్కన ఫింకెన్‌వాల్డె అనే ఊరికి మారింది. నడిపింది డీట్రిక్ బోన్‌హోఫర్, వయసు 29. ఖచ్చితంగా చెప్పాలంటే అది పూర్తిగా లూథరన్ సెమినరీ కాదు. లూథరన్లూ, ప్రొటెస్టెంట్లలోనే మరో శాఖ అయిన రిఫార్మ్‌డ్ వాళ్లూ కలిసి ఉన్న ప్రష్యా సంఘానిది. నడిపినవాడు మాత్రం లూథరన్ పాస్టరు, ఊపిరి కూడా లూథర్ దగ్గర తీసుకున్నదే.

మొదటి రోజుల్లో జరిగిన చిన్న విషయం. వంటింట్లోంచి కబురొచ్చింది, గిన్నెలు కడగడానికి సాయం కావాలని. ఎవరూ వెంటనే లేవలేదు. బోన్‌హోఫర్ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లారు. సిగ్గుపడి వెనకాలే పరుగెత్తిన విద్యార్థులను లోపలికి రానివ్వలేదు. బయటికొచ్చాక కూడా దాని గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. మనలో చాలామందిమి ఇక్కడే పొరపాటు చేస్తాం. గిన్నెలు కడుగుతాం, ఆ తర్వాత మూడు వారాలు చాపెల్‌లో ఆ గిన్నెల గురించే ప్రసంగిస్తాం.

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. పక్కన లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు. పొరపాటున మాట్లాడితే తర్వాత అతనికే వెళ్లి చెప్పాలి. ఈ ఒక్క నియమం నుంచి నేర్చుకున్నంత, క్లాసులోనూ ప్రసంగాల్లోనూ నేర్చుకోలేదని తర్వాత కొందరు చెప్పుకున్నారు. ఇంకొకటి, రోజూ పొద్దున అరగంట మౌనంగా ఒకే లేఖన భాగం మీద ధ్యానం. అది మొదట్లో చాలామందికి భారమైంది. నిద్రొస్తోందన్నారు. ఏం ఆలోచించాలో తెలియడం లేదన్నారు. బోన్‌హోఫర్ ఆ ఫిర్యాదులు విన్నారు, కూర్చుని చర్చించారు. ధ్యానం మానలేదు గానీ, వారానికి ఒకసారి అందరూ కలిసి కూర్చుని ఆ భాగం గురించి పైకి మాట్లాడుకునేలా మార్చారు. నాయకుడు గట్టిగా పట్టుకోవలసింది పట్టుకున్నాడు, విద్యార్థుల మాటతో మారవలసింది మార్చుకున్నాడు. ఫ్యాకల్టీ మీటింగుల్లో మనకు కుదరనిది సరిగ్గా ఇదే.

1937 సెప్టెంబర్ 28న హిట్లర్ రహస్య పోలీసులు, గెస్టపో, వచ్చి ఆ ఇంటికి తాళం వేశారు. ఆ ఏడాది ముగిసేలోగా పూర్వ విద్యార్థుల్లో 27 మంది అరెస్టయ్యారు. భవనం లేదు, గుర్తింపు లేదు, డబ్బు లేదు. మన లెక్కన సెమినరీ చచ్చిపోయింది.

కానీ కొన్ని నెలలకే వేరే రూపంలో మొదలైంది. కాగితాల్లో ఒక్కో విద్యార్థీ ఒక్కో పాస్టరు దగ్గర సహాయకుడు. నిజానికి కొందరు కొస్లిన్‌లో, కొందరు గ్రోస్-ష్లొన్‌విట్జ్ అనే పల్లెలో కలిసి ఉండి చదువుకున్నారు. బోన్‌హోఫర్ రెండు చోట్లకూ తిరుగుతూ పాఠం చెప్పారు. ఆయన లేని రోజుల్లో ఇల్లు నడిపింది ఎవరు? కొస్లిన్‌లో ఫ్రిట్జ్ ఓనాష్. పల్లెలో ఎబర్‌హార్ట్ బెట్గె. ఇద్దరూ ఫింకెన్‌వాల్డె కాలపు విద్యార్థులే. బెట్గె అయితే ఆ మొదటి 23 మందిలో ఒకరు. మూడేళ్లయినా తిరక్కముందే విద్యార్థులు ఇంటిపెద్దలయ్యారు. పొద్దున ఎలా మొదలవ్వాలి, రాత్రి ఎలా ముగియాలి, గిన్నెలు ఎవరు కడగాలి, గొడవొస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఇవన్నీ వాళ్ల ఒంటికి పట్టాయి. పుస్తకం తెరవక్కర్లేకపోయింది. 1940 మార్చిలో పోలీసులు మళ్లీ మూయించేదాకా అలా సాగింది.

చెదిరిపోయినవాళ్లకు ఉత్తరాలు వెళ్లేవి. ఆ ఉత్తరాల్లో ఎవరు జైల్లో ఉన్నారు, ఎవరు విడుదలయ్యారు అన్న వార్తలతోపాటు ఏ వారం ఏ లేఖన భాగం ధ్యానించాలో కూడా ఉండేది. ఒకడు సైన్యంలో, ఒకడు పల్లెసంఘంలో, ఒకడు జైల్లో. అందరి ముందూ ఆ వారం అదే వాక్యం.

ఇదంతా లూథర్‌కు కొత్త కాదు. ఆయన రాసిన విశ్వాస పత్రం, 1537 నాటి ష్మాల్కాల్డ్ వ్యాసాల్లో, సువార్త మనకు ఏయే దారుల్లో అందుతుందో చెప్తూ ప్రసంగం, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, పాపక్షమాపణ అని వరసగా చెప్పి, చివర ఇంకొకటి కలిపారు. సహోదరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, ఒకరినొకరు ఓదార్చుకోవడం. మెస్ బల్ల దగ్గర మీరు మాట్లాడుకునే మాటను ఆయన ఎంత ఎత్తున కూర్చోబెట్టారో చూడండి. మనం "కమ్యూనిటీ లెర్నింగ్" అని వర్క్‌షాప్ పెట్టుకునే విషయం మన విశ్వాస పత్రాల్లోనే ఉంది.

కాటెకిజం, అంటే ప్రశ్న జవాబులుగా ఉండే విశ్వాస పాఠం, దాని సంగతీ అంతే. 1529లో చిన్న కాటెకిజం రాసినప్పుడు ఇంటి యజమాని తన ఇంట్లోవాళ్లకు నేర్పాలని రాశారు. "దీనికి అర్థమేమి?" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. అదే ఏడాది వచ్చిన పెద్ద కాటెకిజానికి మరుసటి ఏడాది చేర్చిన ముందుమాటలో తాను డాక్టరునీ, బోధకుణ్ణీ అయినా ప్రతి ఉదయం చిన్నపిల్లవాడిలా కాటెకిజం వల్లించుకుంటానని, దాని ముందు ఇంకా విద్యార్థినే అని చెప్పుకున్నారు. కొత్తగా వచ్చే ప్రిన్సిపాల్ గారికి ఆ పేజీ ఇవ్వాలని నా కోరిక. ఆయన కూడా ఈ మాట వింటున్నారు కాబట్టి ఇచ్చినట్టే.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. పేర్లు చెప్పను. చాలా ఏళ్ల కిందట నేను పాఠాలు చెప్పిన ఒక చిన్న సెమినరీలో ప్రిన్సిపాల్ గారు హఠాత్తుగా వెళ్లిపోవలసి వచ్చింది. మంచి మనిషి. అన్నీ తానే చూసుకునేవారు. ఏ విద్యార్థి ఆదివారం ఫీల్డ్ వర్క్‌కి ఏ సంఘానికి వెళ్తున్నాడు, ఎవరి ఫీజు ఎవరు కడుతున్నారు, ఏ పాస్టరు గారితో ఏం మాట్లాడుకున్నారు, అన్నీ ఆయన ఫోనులోనూ బుర్రలోనూ ఉండేవి. ఆయన వెళ్లాక రెండు నెలలు మేం చీకట్లో తడుముకున్నాం. ఒక విద్యార్థి ఫీజు ఆగిపోయింది, ఎవరు పంపేవారో ఎవరికీ తెలియదు. ఆ కుర్రవాడు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక రాత్రి భోజనం మానేశాడు. గమనించింది డీన్ కాదు, నేను కాదు. వంట చేసే అక్క. ఆవిడ వచ్చి "సార్, ఆ బాబు వారం రోజులుగా పళ్లెం ముట్టడం లేదు" అని చెప్పేదాకా మాకు తెలియలేదు. ఆ రోజు నుంచి ఆవిడను స్టాఫ్ మీటింగుకు పిలిచాం. పిలిచే ఆలోచన మాకు అంతకుముందు ఎందుకు రాలేదో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే పాత ప్రిన్సిపాల్ గారిని అడుగుతున్నాను. ఫైళ్లు, బ్యాంకు కాగితాలు, తాళాలు మీరు ఎలాగూ ఇస్తారు. వాటితోపాటు మీకు మాత్రమే తెలిసిన సంగతులు రాసివ్వండి. ఏ సంఘం మనతో అలిగి ఉంది, ఎందుకు అలిగింది. ఏ మాట ఇచ్చారు, ఏది ఇంకా నెరవేర్చలేదు. ఇవి ఆఫీసు రికార్డుల్లో ఉండవు. రాయడం కష్టమే, కానీ మీరు చేయవలసిన చివరి పాఠం అదే.

కొత్తగా వచ్చేవారికి నా విన్నపం, మొదటి టర్ములో టైంటేబుల్ జోలికి వెళ్లకండి. క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చోండి. విద్యార్థులు ఆదివారం వెళ్లే సంఘాలకు వాళ్లతోపాటు వెళ్లండి. చర్చి మెట్ల మీద కూర్చుని పెద్దవాళ్లు, ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు వినండి. సోమవారం పొద్దున ఆ ప్రశ్నలనే తరగతిలోకి తెచ్చి, ఏం జవాబు చెప్పాం, ఏం చెప్పలేకపోయాం అని కలిసి మాట్లాడుకుంటే అంతకు మించిన పాఠం లేదు. సంఘం విద్యార్థికి నేర్పుతుంది, విద్యార్థి అధ్యాపకుడికి నేర్పుతాడు. పద్ధతులు మార్చవలసిన రోజు వస్తుంది, అప్పుడు మార్చండి. అప్పటికి ఏది గోడో ఏది తెరో మీకు తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. "మనదంతా ఒక కుటుంబం" అనే మాట చిన్న సెమినరీల్లో ఎక్కువగా వినబడుతుంది. ఆ మాట కింద తప్పులు దాచిపెట్టిన చోట్లు నేను చూశాను. పక్కన లేనివాడి గురించి మాట్లాడకూడదన్న ఫింకెన్‌వాల్డె నియమం చాడీలను ఆపడానికి. అన్యాయం జరిగినవాళ్ల నోరు మూయడానికి దాన్ని వాడితే అది పాపం. ఫిర్యాదు చెప్పుకోవడానికి ప్రిన్సిపాల్ గారితో సంబంధం లేని మనిషి ఒకరు బోర్డు తరఫున ఉండాలి. అది కూడా ఇంటి నియమంలో భాగమే.

ఇంకొక పాత జ్ఞాపకం చెప్పి ఆపుతాను. హయ్యర్ అయ్యగారు మీకందరికీ తెలుసు. 1842 జూలై 31న అమెరికా నుంచి గుంటూరు చేరిన మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. తర్వాత అమెరికా వెళ్లిపోయారు. రాజమండ్రి మిషను వేరే సంఘం చేతికి పోబోతోందని తెలిసి, 1869లో 76 ఏళ్ల వయసులో మళ్లీ ఓడెక్కి వచ్చారు. ఇది మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ తర్వాతి భాగం మాత్రం తక్కువమంది చెప్పుకుంటారు. ఆయన అక్కడ పాతుకుపోలేదు. కొత్తగా వచ్చిన యువ మిషనరీ ష్మిత్ చేతికి పని వదిలి, తిరిగి వెళ్లారు. ఫిలడెల్ఫియా లూథరన్ సెమినరీలో చాప్లెన్‌గా, విద్యార్థుల హౌస్ ఫాదర్‌గా ఉన్నారు. అంటే హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే పెద్దాయన. గుంటూరుకు తొలి బాట వేసిన మనిషి, ఎనభైకి దగ్గరపడిన వయసులో, పాస్టర్లు కాబోతున్న కుర్రవాళ్ల మధ్య ఉన్నారు. 1873లో అక్కడే కన్నుమూశారు.

ఆ ఫిలడెల్ఫియా సెమినరీ 1864లో పుట్టింది, అమెరికాలోనే ఉన్న గెట్టిస్‌బర్గ్ సెమినరీతో అభిప్రాయభేదాలు వచ్చి విడిపోయినవాళ్లు పెట్టుకున్నది. మన గుంటూరు మిషనుకూ రాజమండ్రి మిషనుకూ మధ్య ఉన్న గీత ఆ విభజన నీడే. మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో ఆ రెంటినీ ఒక్కటిగా నిలబెట్టింది. అక్కడ ఆ రెండు సెమినరీలూ కలవడానికి 2017 దాకా పట్టింది. ఇక్కడివాళ్లు ముందే కలిశారు. అక్కడి సెమినరీల కంటే ఇక్కడి మిషన్లు ముందే కలిశాయని చెప్పుకోవడానికి నాకు సంతోషంగా ఉంది.

ఇక ప్రశ్నలకు సమయం. చాలా పాత క్రైస్తవ మఠాల్లో, బెనెడిక్టు రాసిన నియమావళి ప్రకారం, ముఖ్యమైన విషయం వస్తే మఠాధిపతి అందరినీ పిలవాలి. చిన్నవాడికే దేవుడు మేలైనది తరచు తెలియజేస్తాడని ఆయన కారణం రాశారు. కాబట్టి పెద్దలు నన్ను క్షమించాలి. ముందు మొదటి సంవత్సరం విద్యార్థులు అడుగుతారు, తర్వాత వంటింట్లో పనిచేసేవారు, ఆ తర్వాత అధ్యాపకులు. ఇద్దరు ప్రిన్సిపాళ్లూ చివర మాట్లాడతారు. ఆ కిటికీ పక్కన చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.